ఆదివారం విశ్వాసం సోమవారం పనిలో ఎలా కనిపించాలి?

ఆఫీసులో బైబిలు వాక్యం చెప్పడమే విశ్వాసానికి సాక్ష్యమని చాలామంది అనుకుంటారు. బైబిలులో కొలొస్సయులకు 3:23 అడిగేది అంతకంటే కష్టం: ఏ పనైనా ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చేయడం. దానికి ముందు వచనం దాసులతో అంటోంది, యజమాని చూస్తున్నప్పుడు మాత్రమే లోబడితే చాలదని. అంటే అసలు పరీక్ష ఎవరూ చూడనప్పుడే. చేయని ప్రయాణానికి బిల్లు పెట్టకూడదు. సగమే అయిన పనిని 'అయిపోయింది' అని రాయకూడదు. తప్పు దొరికితే ఆ రోజే పైవాళ్లకు చెప్పాలి. సామెతలు 11:1 దేవునికి అసహ్యమని చెప్పే దొంగత్రాసు ఇప్పుడు టైమ్‌షీట్‌లోనూ ఉంటుంది మరి.

పనికి ముందు 2 నిమిషాల ప్రార్థన చాలు. ఆ రోజు తలనొప్పి తెప్పించే పనినీ, మనిషినీ పేరు పెట్టి ప్రార్థించండి. డ్యూటీ టైములో బైబిలు తెరిచి కూర్చోవడం మాత్రం భక్తి కాదు, అది జీతమిచ్చేవారి సమయం. ఇంకో పొరపాటు పనే దేవుడైపోవడం. నిర్గమకాండము 20:9-10లో 6 రోజుల పని, 7వ రోజు విశ్రాంతి ఒకే ఆజ్ఞలో ఉన్నాయి.