బ్లిట్జ్ ఆడబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

ఆదివారం కర్నూలులో బ్లిట్జ్, అంటే నిమిషాల్లో ముగిసే చదరంగం, ఆడబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటలో నువ్వు నిదానంగా ఆలోచిస్తావు, అది మంచి గుణమే. బ్లిట్జ్‌లో మాత్రం అదే నిన్ను ముంచుతుంది.

ఒక్కొక్కరికి 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్ల ఇంక్రిమెంట్ (ఎత్తు వేసిన ప్రతిసారీ కలిసే అదనపు టైం) అంటే, 60 ఎత్తులు ఆడినా నీకు దక్కేది మొత్తం 5 నిమిషాలే. అందుకే ఓపెనింగ్‌లో, అంటే ఆట మొదటి ఎత్తుల్లో, కొత్త ప్రయోగాలు వద్దు, చేతికి అలవాటైనదే ఆడు. మధ్యలో చిక్కుపడితే గొప్ప ఎత్తు కోసం వెతకొద్దు. పావు పోకుండా, రాజుకు ముప్పు లేకుండా ఉండే ఎత్తు కనబడితే వేసెయ్.

పిల్లలు ఎక్కువగా ఓడేది చేతి తొందర వల్లే. పావు జరిపిన చేత్తోనే క్లాక్ నొక్కాలి. ఒక చేత్తో పావు కొట్టి, రెండో చేత్తో ఆ కొట్టిన పావును తీసి క్లాక్ నొక్కితే తప్పు ఎత్తు కిందే లెక్క. మొదటిసారి ఎదుటివాడికి ఒక నిమిషం కలుపుతారు, రెండోసారి సాధారణంగా ఆట పోయినట్టే. పావులు పడిపోతే నీ టైంలోనే సరిచేసి, తర్వాత క్లాక్ నొక్కు.

బంటు మంత్రి అయ్యేటప్పుడు ఇంకా జాగ్రత్త. అది ఏడో వరసకు రాకముందే మంత్రి ఎక్కడుందో చూసుకో. మన పిల్లలు ఏనుగును తలకిందులుగా పెట్టి ‘ఇది మంత్రి’ అంటుంటారు. రూల్ ప్రకారం అది ఏనుగే! దాన్ని ఐమూలగా జరిపితే తప్పు ఎత్తు. మంత్రి దొరక్కపోతే క్లాక్ ఆపి ఆర్బిటర్‌ను (ఆట నిర్ణేతను) పిలువు, ఆ హక్కు నీకుంది. చాలామంది మొహమాటపడి ఆటే పోగొట్టుకుంటారు, నాకు అది చూస్తే బాధేస్తుంది.

ఇంకొకటి. నీకు రాజు ఒక్కటే మిగిలితే ఎదుటివాడి టైం అయిపోయినా అది డ్రానే. కాబట్టి చివరి బంటును ఊరికే వదులుకోకు.

ఒక రౌండ్ పోయిందని టెన్షన్ పడొద్దు. మన కోనేరు హంపి 2022లో కజకిస్తాన్‌లోని ఆల్మటీలో ప్రపంచ బ్లిట్జ్ పోటీలో మొదటి రోజు బాగా వెనకబడి, రెండో రోజు పుంజుకుని వెండి పతకం గెలిచింది. ఓడిన ఆట గురించి అక్కడే కూర్చుని వాదించకు. లేచి నీళ్లు తాగి, కాసేపు నీడలో నడిచి రా.

శనివారం సాయంత్రం మా ఇంటికి రా. క్లాక్ పెట్టుకుని ఏనుగు, బంట్ల ముగింపులు ఆడదాం.

మీ మామ,
అనంతపురం