శాసనం, పాత పుస్తకం, జిల్లా పేజీ వార్త: పరిశోధన పత్రంలో ఆధారం ఎలా చూపాలి?

మీ ప్రశ్న ఇదీ: ఎంఏ చరిత్రలో కాకతీయుల కాలపు గుళ్లు, చెరువుల మీద పత్రం రాస్తున్నారు. వేయిస్తంభాల గుడి శాసనాన్ని, పాత పుస్తకాలను, పేపర్ వార్తలను ఎలా చూపాలి, వాక్యం మధ్య బ్రాకెట్లో ఆధారం చూపే పద్ధతుల్లో ఏపీఏ మంచిదా, ఎంఎల్ఏ మంచిదా అని అడిగారు.

మీ గైడ్ ఏది చెబితే అదే మంచిది. ఏమీ చెప్పకపోతే, ఆధారాన్ని పేజీ అడుగున రాసే చికాగో ఫుట్‌నోట్ల పద్ధతి పెట్టుకోండి. శాసనం వివరాలు చాలా ఉంటాయి, వాక్యం మధ్య బ్రాకెట్లో ఇమడవు. ఒకసారి పట్టుకున్న పద్ధతిని మాత్రం చివరి పేజీదాకా మార్చొద్దు. విద్యార్థుల పత్రాల్లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు కామాల దగ్గర కాదు, చదివింది ఒకటి, చూపింది ఇంకొకటి కావడం దగ్గర.

మీరు అడిగిన వేయిస్తంభాల గుడి శాసనాన్నే, అంటే కాకతీయ రాజు రుద్రదేవుని హనుమకొండ శాసనాన్నే తీసుకోండి. శాసన పండితుడు ఫ్లీట్ దాని పాఠాన్ని పరిష్కరించి 1882లో ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రిక 11వ సంపుటంలో ప్రచురించారు. మీరు ఆ సంపుటం తెరవకుండా, పి.వి. పరబ్రహ్మశాస్త్రి 1978 నాటి ఇంగ్లీషు పుస్తకంలో దాని సారాంశం చదివారనుకుందాం. అప్పుడు ఫుట్‌నోట్‌లో ఫ్లీట్ పేరు ఒక్కటే వేస్తే అది అబద్ధపు ఆధారం అవుతుంది. శాసనం పేరు రాసి, ఫలానా పుస్తకం ఫలానా పేజీలో ఉదహరించినది అని రాయండి. తరవాతి పండితులు పాఠాన్ని సవరించి ఉండొచ్చు, సారాంశంలో ఒక మాట జారి ఉండొచ్చు. మీరు ఎక్కడ చదివారో తెలిస్తేనే ఆ తేడా ఎక్కడ వచ్చిందో పరీక్షించేవారు పట్టుకోగలరు.

శాసన పాఠాన్ని మీరే చదివితే దొరికిన ఊరు, రాజు, శక సంవత్సరం, ప్రచురించిన సంపుటం, శాసనం సంఖ్య, పంక్తుల సంఖ్య ఇవ్వండి. పేజీ కన్నా పంక్తి నమ్మకం. పుస్తకం మారితే పేజీ మారుతుంది, రాతి మీద పంక్తి మారదు.

తేదీ దగ్గర ఇంకో చిక్కుంది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరూ కలిపేస్తారు. ఈ శాసనం శక 1084 చిత్రభాను మాఘ మాసానిది. శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది కాబట్టి మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. అందుకే 1162 కాదు, 1163. శాసనంలో ఉన్న తేదీని ముందు రాసి, మీరు లెక్కగట్టినదాన్ని పక్కన పెట్టండి.

పాత పుస్తకాలు స్కాన్ రూపంలోనే చదువుతాం కదా, అక్కడ పేజీ సంఖ్య మోసం చేస్తుంది. తెర మీద 45 అని ఉంటే కాగితం మీద అచ్చయినది 27 కావొచ్చు, ముందుమాట పేజీలన్నీ లెక్కలో కలుస్తాయి. అచ్చయిన సంఖ్యే వేయాలి. చదువుతున్నప్పుడే నోట్సులో ప్రతి విషయం పక్కన పేజీ రాసుకోండి. సమర్పించే ముందు రాత్రి వెతికితే దొరకదు.

మన పేర్లతో సాఫ్ట్‌వేర్‌కు ఇబ్బంది. మనకు ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. 'పి.వి. పరబ్రహ్మ శాస్త్రి' అని విడిగా రాస్తే సాఫ్ట్‌వేర్ చివరి పదమే ఇంటిపేరు అనుకుని 'శాస్త్రి, పి.వి. పరబ్రహ్మ' అని విరుస్తుంది. ఆధారాల జాబితా తయారుచేసే జొటేరో సాఫ్ట్‌వేర్‌లో పేరుకున్న రెండు గళ్లను ఒకే గడిగా మార్చుకోవచ్చు. అందులో 'పరబ్రహ్మశాస్త్రి, పి.వి.' అని రాస్తే అలాగే నిలుస్తుంది. పత్రమంతా ఒకే రూపం ఉండాలి.

దినపత్రిక వార్తకు పేరు, తేదీతో పాటు ఎడిషన్, పేజీ తప్పనిసరి. వరంగల్ జిల్లా పేజీలో వచ్చిన వార్త కరీంనగర్ ఎడిషన్‌లో ఉండకపోవచ్చు. సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో దొరికిన గ్రంథానికి పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం, పట్టా సంవత్సరం రాయండి, అప్‌లోడ్ చేసిన తేదీ కాదు. శోధగంగ అది దొరికిన చోటు మాత్రమే.

'కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ చూపే పోలిక 10 శాతం లోపుంటే చాలట కదా' అనీ అడిగారు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. ఆధారం చూపిన ఉటంకింపులు, గ్రంథసూచి ఆ లెక్కలోకి రావు. కానీ ఒకరి వాదనను మీ మాటల్లో తిప్పి రాస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకోదు, అయినా ఆ వాదన వాళ్లదే. అక్కడా ఫుట్‌నోట్ ఉండాల్సిందే.

పాఖాల చెరువు ఆయకట్టులో పొలాలకు నీళ్లు వదిలే నీరటిని కలిసి మాట్లాడితే అదీ ఆధారమే. పేరు, ఊరు, తేదీ ఫుట్‌నోట్‌లో రాయండి. పేరు వేయొచ్చా అని ముందే అడగండి. వద్దంటే 'ఆయకట్టు నీరటి' అని, ఊరు, తేదీ చాలు. రికార్డింగ్ మాత్రం వైవా అయ్యేదాకా చెరపకండి.