ఆ పిల్లను అందరి ముందు నిలబెట్టకు

అమ్మడూ,

రాత్రి నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి ఆ మణిపురి పిల్లే నా కళ్ల ముందు మెదులుతోంది. ఏడో తరగతి పిల్లలు తోటి అమ్మాయిని ‘చింకీ’, ‘చైనా’ అని పిలవడం, ఆమె అన్నం డబ్బా తెరవగానే ముక్కులు మూసుకోవడం, ఆమె చప్పుడు చేయకుండా మూత పెట్టేసి మంచినీళ్లు తాగి లేచిపోవడం... వింటుంటేనే కడుపు తరుక్కుపోయింది. సోమవారం ప్రార్థన సమయంలో ఆ అమ్మాయిని ముందుకు పిలిచి, అందరి చేతా క్షమాపణ చెప్పిస్తానన్నావు. ఆ పని మాత్రం చేయకు తల్లీ.

ఎందుకంటే నేను చేశాను. 1994లో మాసబ్‌ట్యాంక్ దగ్గర ఒక బడిలో ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. పక్కనే ఏసీ గార్డ్స్. ఆ ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం అశ్వదళంలో పనిచేసిన సిద్దీల, అంటే ఆఫ్రికా మూలాలున్నవాళ్ల, వారసులు అక్కడే స్థిరపడ్డారు. ఆ పేట నుంచి వచ్చే ఒక కుర్రాణ్ని నలుగురు మగపిల్లలు ‘హబ్షీ’ అంటూ జుట్టు పట్టి లాగేవారు. నాకు తెలియగానే ఒళ్లు మండింది. వాణ్ని బోర్డు దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, “వీడు కూడా మనలాంటివాడే” అన్నాను. క్లాసంతా లేచి సారీ చెప్పింది. వాడు తల ఎత్తలేదు. బోర్డు కింది చెక్క మీద పేరుకున్న సుద్దపొడిలో వేలితో గీతలు గీస్తూ నిలబడ్డాడు. మర్నాటి నుంచి చివరి బెంచీకి వెళ్లిపోయాడు. ఏడాది చివర్లో వాళ్లమ్మ వచ్చి, “టీచరమ్మా, అప్పటిదాకా నలుగురే అనేవారు. మీరు నిలబెట్టాక బడంతా వింతగా చూడటం మొదలుపెట్టింది” అంది. ఆ పిల్లవాడు ఎప్పుడో ఆ మాట ఇంట్లో చెప్పుకుని ఉంటాడు. నేనన్న ఆ ‘కూడా’ ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది.

కాబట్టి ముందు ఆ అమ్మాయిని ఒంటరిగా అడుగు. స్టాఫ్ రూములో అందరి మధ్యా వద్దు, మ్యాపులు మడతపెట్టడానికి సాయం రమ్మను. చేతిలో పని ఉంటే పిల్లలకు మాట వస్తుంది. “నేనేం చేస్తే నీకు నయంగా ఉంటుంది? ఏం చేస్తే ఇంకా కష్టమవుతుంది?” అని రెండూ అడుగు. వెంటనే చెప్పకపోతే తొందరపెట్టకు.

వెక్కిరించిన వాళ్లను ఒక్కొక్కరిగా పిలిపించు. గుంపులో ఉంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతారు. ఎవరు, ఏ రోజు, ఏ మాట అన్నారో ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకో. “పిల్లలన్నాక ఏదో సరదాకి అనుకుంటారు” అని పైవాళ్లు కొట్టిపారేస్తే ఆ పుస్తకమే నీకు అండ. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఆ మాట మర్యాదగానే గుర్తుచెయ్యి. సరదా ఎక్కడిదాకా పోతుందో దేశమంతా చూసింది. 2014 జనవరిలో ఢిల్లీ లజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా జుట్టును చూసి వెక్కిరించడంతోనే గొడవ మొదలైంది. ఆ దెబ్బలకే అతను చనిపోయాడు.

ఇక పాఠం సంగతి. ఈశాన్య రాష్ట్రాల గురించి ప్రత్యేకంగా ఒక రోజు పెట్టి ఆ అమ్మాయి చేత నాట్యం చేయించకు. స్వాతంత్ర్యోద్యమం చెప్పేటప్పుడు అల్లూరి మన్యం పోరాటం పక్కనే నాగా కొండల రాణి గైడిన్లియు కథ చెప్పు. 1932లో, ఇంకా ఇరవై నిండకుండానే, బ్రిటిష్ వాళ్లకు పట్టుబడిన ఆమె స్వాతంత్ర్యం వచ్చేదాకా జైల్లోనే ఉంది. చెప్పేటప్పుడు ఆ పిల్ల వైపు చూడకు, “మీ వైపే కదా” అనకు. మేరీ కోమ్ పతకం తెచ్చింది కాబట్టి మణిపురి వాళ్లను గౌరవించాలన్న మాట నీ నోట రాకూడదు. పతకం తేని పిల్ల సంగతేమిటి మరి?

పిల్లలు ఈ మాటలు బడిలోనే నేర్చుకోరమ్మా. మన ఇళ్లలో పురిటి మంచం దగ్గరే “పిల్ల నలుపా, తెలుపా?” అని అడుగుతాం. నీకు సున్నిపిండి రుద్దుతూ మీ అమ్మమ్మ అన్న మాటలు నీకూ గుర్తుండే ఉంటాయి. తల్లిదండ్రుల సమావేశంలో ఆ ముక్క చెప్పు. కొందరికి కోపం వస్తుంది, రానీ.

ఇంకొకటి, నీకే చెప్పాలి. ఆ పిల్ల పేరు పలకడం కష్టమని ‘రోజీ’ అని పిలుస్తున్నానన్నావు. వద్దు. పేరు ఆమె చేతనే రెండుసార్లు పలికించుకుని, రిజిస్టరులో తెలుగులో రాసి పెట్టుకో. హాజరు వేసేటప్పుడు తడబడితే ఆగి, సరిగ్గా పలుకు. నీ నోట విన్న పేరే క్లాసు నోట వస్తుంది.

వాళ్లమ్మ కొండాపూర్‌లో పార్లరులో పనిచేస్తుందని, మంగళవారం సెలవని చెప్పావు కదా. ఆ రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లు. కూర్చోగానే వేధింపుల సంగతి ఎత్తకు. ఆ అమ్మాయి గోదావరి మ్యాపు ఎంత బాగా గీసిందో ముందు చెప్పు, ఆ కాగితం కూడా తీసుకెళ్లు. వాళ్లు ఏం పెడితే అది తిను. ఇంటికి వచ్చాక ఎంత రాత్రయినా నాకు ఫోను చెయ్యి, మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ