పాఠకుల ప్రశ్నలు: ఆ గ్లోబు మళ్ళీ తిరుగుతుందా?

ప్రశ్న: అటక మీద పడి ఉన్న నింటెండో వీ గేమ్ మెషీన్‌ని దించి, దుమ్ము దులిపి, మారియో కార్ట్ వీ అనే పందెం ఆట పెట్టాం. కప్పులు, టైమ్ ట్రయల్స్ బాగానే నడుస్తున్నాయి. ఆన్‌లైన్‌లోకి వెళ్ళబోతే మాత్రం ఎర్రర్ చూపించి వెనక్కి పంపేస్తోంది. ఒకప్పుడు మా అన్నయ్య దీంట్లోనే ఎక్కడెక్కడి వాళ్ళతోనో ఆడేవాడు. తెర మీద గ్లోబు తిరగడం నాకింకా గుర్తు. రూటర్ మార్చాలా? మెషీన్‌ను ఫార్మాట్ చేస్తే బాగవుతుందా? ఆన్‌లైన్ పోతే కొన్ని ఆటలు మొత్తానికే పోతాయట, ఇదీ అంతేనా?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ ఫార్మాట్ ఆలోచన మానుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీ రూటర్ తప్పేమీ లేదు. మీ ఆట తలుపు తడుతున్న ఇల్లే లేదిప్పుడు. 2005లో డీఎస్ అనే చేతిలో పట్టే గేమ్ మెషీన్ కోసం మొదలై, తర్వాత వీకి కూడా పనిచేసిన నింటెండో వైఫై కనెక్షన్ 2014 మే 20న మూతపడింది. దాని వెనక నడిచింది ఆన్‌లైన్ ఆటలకు సేవలందించే గేమ్‌స్పై టెక్నాలజీ. ఆ గేమ్‌స్పై హోస్టింగ్ సేవలు కూడా అదే నెలాఖరుకు ఆగిపోయాయి.

పందెమంతా సర్వర్‌లోనే జరిగేదని చాలామంది అనుకుంటారు. కాదు. సర్వర్ పెళ్ళిళ్ళ పేరయ్య లాంటిది. మీ వీఆర్ అంకె (గెలిస్తే పెరిగి, ఓడితే తగ్గే రేటింగ్) చూసి, ఈడూ జోడూ కుదిరేవాళ్ళను వెతికి, ఒకరి చిరునామా ఒకరికిచ్చి పక్కకు తప్పుకొనేది. ఆ తర్వాత ఆటలో ఒకరి మీద ఒకరు విసురుకునే అరటి తొక్కలూ రెడ్ షెల్‌లూ అన్నీ ఒక వీ నుంచి ఇంకో వీకి నేరుగా వెళ్ళేవి. మీరు గురి చూసి కొట్టిన షెల్ మీ తెర మీద తగిలినట్టే ఉండి, అవతలివాడు మాత్రం చెక్కుచెదరకుండా దూసుకుపోయేవాడు చూడండి, అదందుకే. నేను ఎన్నిసార్లు రిమోట్‌ను తిట్టానో!

పన్నెండు మంది చేరేవాళ్ళం. అందరూ తలా ఒక ట్రాక్ ఎంచుకుంటే, వాటిలోంచి ఒకటి లాటరీలా వచ్చేది. నేను ఎప్పుడూ మష్రూమ్ గార్జ్ అడిగేవాణ్ణి, అది ఎప్పుడూ వచ్చేది కాదు. గదిలో సగం మంది ఫంకీ కాంగ్ అనే పాత్రతో ఫ్లేమ్ రన్నర్ బైకెక్కి దిగేవారు. వేగానికి ఆ జంటను మించింది లేదని అందరికీ తెలిసిపోయింది మరి. నేను పంతానికి టోడ్ పాత్రనే పట్టుకుని వేలాడాను. వీఆర్ 5000తో మొదలై 9999 దాకా వెళ్ళేది. ఎనిమిది వేల గడప తొక్కబోయిన ప్రతిసారీ చివరి మలుపులో నా నెత్తిన బ్లూ షెల్ పడేది.

ఇక ఫార్మాట్ సంగతి. ఆ వీఆర్ అంకె మెషీన్‌లోని సేవ్‌లోనే ఉంటుంది. ఆటలో మీ అన్నయ్య లైసెన్సు (ఆటగాడి ప్రొఫైల్) తెరిచి చూడండి. అప్పట్లో డౌన్‌లోడ్ చేసుకున్న ఘోస్ట్‌లు (పోటీపడడానికి దాచుకున్న ఇతరుల పరుగుల రికార్డింగులు) కూడా అక్కడే ఉండవచ్చు. ఫార్మాట్ చేస్తే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఎస్‌డీ కార్డులోకి ఎక్కించుకుందామంటే, మామూలు మెనూ నుంచి ఈ ఆట సేవ్‌ను కాపీ చేయనివ్వరు.

గ్లోబు మళ్ళీ తిరగాలా? దారి ఉంది. అధికారిక సేవ ఆగిన ఆ మే నెలలోనే కొందరు అభిమానులు విమ్‌ఫి అనే ప్రత్యామ్నాయ సర్వర్ పెట్టారు. పందెం ఎటూ మెషీన్ల మధ్యే నడుస్తుంది కాబట్టి వాళ్ళు తయారుచేయాల్సింది కొత్త పేరయ్యనే. అదీ చిన్న పనేం కాదనుకోండి. ఆటకు ప్యాచ్ వేసి, పాత చిరునామా స్థానంలో కొత్తది పెట్టాలి. ఇది కంపెనీ ఇచ్చింది కాదు, తేడా వస్తే అడగడానికి ఎవరూ ఉండరు. చేసిన అనుభవం ఉన్నవారు పక్కన ఉంటేనే మొదలుపెట్టండి.

మొత్తానికే పోయే ఆటల గురించి మీరు విన్నది నిజమే. 2014 డిసెంబరులో వచ్చిన ద క్రూ అనే కార్ల పందెం ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు. ఒంటరిగా ఆడుకోవడానికి కూడా దానికి సర్వర్ కావాలి, కాబట్టి ఆ రోజుతో ఆట ఖతం. దానికి సరిగ్గా రెండు నెలల ముందు, జనవరి 31న, గ్రాన్ టురిస్మో స్పోర్ట్ ఆన్‌లైన్ కూడా ఆగింది. దాన్ని మాత్రం ఒంటరి పందేలు ఇంటర్నెట్ లేకుండా ఆడుకునేలా సర్దుబాటు చేసి మరీ ఆపారు. పైగా ద క్రూ 2కి ఆ తర్వాత ఆఫ్‌లైన్ వసతి వచ్చింది. అంటే చేయలేక కాదు, మొదటిదానికి చేయలేదంతే. ఈ విషయంలో నాకు కోపమే.

మీ మారియో కార్ట్‌కు ఆ బెంగ లేదు. ముప్పై రెండు ట్రాకులూ డిస్కులోనే ఉన్నాయి, తెరను నాలుగు ముక్కలు చేసుకుని నలుగురు ఆడుకోవచ్చు. అన్నయ్యను కూర్చోబెట్టండి. ఆయన వీఆర్ ఎంత దగ్గర ఆగిందో నాకు రాయండి. నాది 7,912.