కర్నూలులో తాగుడు మానేవాళ్ళ మీటింగు కోసం: బోర్డును కాదు, మనిషిని వెతకండి

అమ్మా, మీ ఆయన తాగుడు మానడానికి ఒప్పుకున్నారని, ఎమ్మిగనూరు నుంచి కర్నూలు రాగలరని, కానీ ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం) మీటింగు ఎక్కడ జరుగుతుందో తెలియడం లేదని రాశారు. చర్చిలో పెడతారని విని వెనకాడుతున్నారన్నారు. పొద్దున లేవగానే ఆయన చేతులు వణుకుతాయని చివర్లో ఒక మాట రాశారు. నేను ఆ మాట దగ్గరే మొదలుపెడతాను.

పొద్దున్నే వణుకు ఉందంటే ఒళ్ళు మందుకు అలవాటు పడిపోయినట్టు. అలాంటి మనిషి ఇంట్లో ఉండి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనబడటం, అయినవాళ్ళను గుర్తుపట్టలేకపోవడం కూడా జరగొచ్చు. అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. అందుకని మీటింగు కంటే ముందు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్ళండి. వణుకు అణిచే మాత్రలు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇస్తారు. ఫిట్స్ వస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపే మందు ఇస్తామని ఎవరైనా అంటే మాత్రం వద్దు. నేను తాగే రోజుల్లో మా అమ్మ నాకు అలా పప్పులో కలిపి పెట్టింది. ఆ రాత్రి నేను తాగి వచ్చాక ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడతో నేల మీద పడిపోయాను. డైసల్ఫిరామ్ అనే మాత్ర మీద తాగితే ఇలాగే అవుతుంది, బీపీ కూడా పడిపోతుంది. డాక్టర్లు దాన్ని మనిషికి చెప్పి, ఒప్పుకున్నాకే ఇస్తారు. మా అమ్మను నేను తప్పు పట్టను, దిక్కు తోచక చేసింది. మీరు మాత్రం చేయకండి.

ఇక మీటింగు. నేను విత్తనాల షాపులో పనిచేసేవాణ్ణి. బిల్లు రాయాలంటే చెయ్యి వణికేది, ఒక క్వార్టర్ పడితే గానీ పెన్ను నిలిచేది కాదు. అంతకుముందు రెండు సార్లు అయ్యప్ప మాల వేశాను. 41 రోజులు చుక్క ముట్టలేదు. మాల తీసిన వారం లోపే మళ్ళీ మొదలు. మానడం నాకు చేతనయింది, మానిన తర్వాత బతకడమే చేతకాలేదు. ఆ సంగతి అప్పట్లో నాకు చెప్పినవాళ్ళు లేరు.

ఎవరో చెప్పిన గుర్తులు పట్టుకుని ఏఏ మీటింగు కోసం రెండు ఆదివారాలు వీధి వీధీ తిరిగాను. ఎక్కడా బోర్డు లేదు. రెండో ఆదివారం తిరిగి వస్తూ వైన్ షాపు దగ్గర ఆగాను. వచ్చేవాళ్ళ పేర్లు బయటికి పొక్కకూడదనే వాళ్ళు పెద్దగా బోర్డులు పెట్టరని తర్వాత తెలిసింది. చివరికి ఆసుపత్రిలో కౌన్సెలర్ ఒక ఫోన్ నంబరు ఇచ్చారు. అవతలాయన నన్నేమీ అడగలేదు. "నేను మానేసి ఆరేళ్ళయింది అన్నా, కొత్త బస్టాండు దగ్గరికి రా, నేనొచ్చి తీసుకెళ్తా" అన్నాడు. వచ్చాడు. మీటింగుకు ముందు టీ తాగించాడు. తన గ్లాసు నిండుగా పోయించుకుని, నాకు సగమే పోయించాడు. నా చెయ్యి వణికినా ఒలకలేదు. తనకూ ఒకప్పుడు అలా వణికేదని అప్పుడే అర్థమైంది.

అందుకే చెప్తున్నా, అడ్రసు కంటే ముందు మనిషి కావాలి. ఓపీలో డాక్టరునో కౌన్సెలర్‌నో "ఏఏ వాళ్ళ నంబరు ఉందా" అని అడగండి. 14446 కేంద్ర ప్రభుత్వం నడిపే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలి మానస్ 14416 ఉంది. ఏఏకు మన దేశంలో ముంబైలో సర్వీసు ఆఫీసు ఉంది, అక్కడ అడిగినా దగ్గర్లోని గ్రూపు చెప్తారు. రోజూ కర్నూలు రావడం కష్టమైతే ఫోన్లో ఆన్‌లైన్ మీటింగులు కూడా ఉంటాయి.

చర్చి గురించి. ఏఏ 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు మానాలనుకున్నవాళ్ళతో మొదలైంది. అది ఏ మతానికీ చెందినది కాదు. గది తక్కువకు దొరుకుతుందని చాలా చోట్ల చర్చి ఆవరణలోనో స్కూలు గదిలోనో పెట్టుకుంటారు, అంతే. "మనకంటే పెద్ద శక్తి" అంటారు, అది ఎవరికి ఏదైతే అదే. నాకు మా ఇంటి దేవుడు మద్దిలేటి స్వామి. చేరడానికి ఫీజు లేదు, మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు. చందా సంచి తిరుగుతుంది, కొత్తవాళ్ళు వేయనక్కర్లేదు. మొదటిరోజు మాట్లాడాలనీ లేదు. నేను నాలుగు మీటింగులు గోడవైపు చూస్తూ కూర్చున్నాను, ఎవరూ నన్ను కదిలించలేదు.

మీరు కూడా వెళ్ళాలంటే ఓపెన్ మీటింగు ఏ రోజో అడగండి, క్లోజ్డ్ మీటింగుకు తాగుడు సమస్య ఉన్నవాళ్ళే వెళ్తారు. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ అని వేరే ఉంది. ఆయన కోసం కాకపోయినా, మీ కోసం దాని గురించి అడగండి. ఇన్నేళ్ళు మీరు పడ్డ టెన్షన్ చిన్నది కాదు.

నంబరు దొరికాక మీరు మాట్లాడకండి, ఫోన్ ఆయన చేతే చేయించండి. పొద్దున పూట, తాగకముందు. మీరు పక్కన కూర్చుంటే చాలు.