ఇద్దరు బెంగాలీ అమ్మాయిల ప్రేమకథ: మా అమ్మాయిని చదవనివ్వాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ‘హనీ అండ్ ఇషూస్ గైడ్ టు ఫేక్ డేటింగ్’ అనే ఇంగ్లీషు నవల తెచ్చుకుని, రెండోసారి చదువుతోంది. ఇద్దరు బెంగాలీ అమ్మాయిలు ప్రేమించుకునే కథట. శరత్ నవలలు చదివి పెరిగిన నాకు బెంగాలీ ఇల్లంటే వేరే ఊహ. వద్దనాలా, ఊరుకోవాలా?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: వద్దనకండమ్మా. ఊరుకోనూ వద్దు, మీరూ చదవండి.

2021లో వచ్చిన ఈ నవలను రాసిన ఆదిబా జైగిర్దార్ బంగ్లాదేశ్‌లో పుట్టి ఐర్లండ్‌లో స్థిరపడ్డారు. కథ జరిగేదీ డబ్లిన్‌లోనే. తనకు అమ్మాయిలు కూడా నచ్చుతారని హనీ చెబితే స్నేహితురాళ్లు నమ్మరు. ఆ ఉక్రోషంలో, తరగతిలో ఎవరితోనూ కలవని ఇషును ప్రేమిస్తున్నానని అబద్ధమాడేస్తుంది. బడిలో హెడ్ గర్ల్, అంటే విద్యార్థినుల నాయకురాలు కావాలంటే నలుగురి మెప్పూ కావాలి కనుక ఇషు ఆ నాటకానికి ఒప్పుకుంటుంది. తర్వాత ఏమవుతుందో మీరు ఊహించగలరు.

శరత్ మాట ఎత్తారు. ఆయనను తెలుగువాడే అనుకున్నంతగా చదివాం మనం. అందుకే బెంగాలీ అనగానే శంఖం ఊదే హిందూ లోగిలే మన కళ్లముందు నిలుస్తుంది. కానీ బెంగాలీ మాట్లాడేవారిలో ఎక్కువమంది ఉన్నది బంగ్లాదేశ్‌లో, వారిలో అత్యధికులు ముస్లింలు. హనీ ఆ ఇంటి పిల్ల, ఇషుది భారతదేశపు బెంగాలీ కుటుంబం. ఒకే భాషను పంచుకున్న రెండు దేశాల పిల్లలు పరాయి ఊళ్లో ఒకరినొకరు తెలుసుకోవడమే ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం.

ఇంకొకటి. హనీ ప్రేమ కోసం మతాన్ని వదులుకోదు. తల్లిదండ్రులకు ఆమె సంగతి తెలుసు, మనసారా ఒప్పుకున్నారు. ఆమెను చిన్నబుచ్చేది ఇల్లు కాదు, పక్కన కూర్చునే స్నేహితురాళ్లే. ఇలాంటి కథలో తల్లిని కఠినాత్మురాలిగా చూపడం చాలా సులువు. ఆ దారిన పోనందుకు రచయిత్రిని అభినందిస్తాను. అన్ని ఇళ్లూ ఇలాగే ఉంటాయని కూడా ఆమె నమ్మించరు. 2020లో వచ్చిన తొలి నవల ‘ది హెన్నా వార్స్’లో, కూతురు నిజం చెప్పగానే ఇంట్లో మౌనం కమ్ముకుంటుంది. ఆ మౌనాన్ని చదువుతుంటే నాకు ఊపిరాడలేదు.

కథ జరిగే ఐర్లండ్ 2015లో ప్రజల ఓటుతో స్వలింగ వివాహాలను ఆమోదించింది. మన సుప్రీంకోర్టు 2018లో వయోజనుల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. బంగ్లాదేశ్‌లో మాత్రం అలాంటి సంబంధాన్ని నేరంగా చూసే, బ్రిటిష్ వారు పెట్టిన 377వ సెక్షన్ ఇంకా అమల్లో ఉంది.

రెండోసారి చదువుతోందంటే అమ్మాయికి ఏదో బాగా నచ్చిందన్నమాట. ఎందుకు నచ్చిందని నిలదీయకండి. ఆమె చదివేశాక అడిగి తీసుకోండి, హనీ వాళ్ల అమ్మ ఎలా ఉందనిపించిందో అడగండి. తన గురించి చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది. చెప్పకపోయినా మీరు ఆ పుస్తకం చదివారని ఆమెకు తెలిసి ఉండాలి.