రెక్క రివెట్లు ఒక్కదానివే కొట్టేటప్పుడు

అమ్మలూ,

గరాజ్‌లో రెక్కల పెట్టె విప్పిన ఫోటో చూసి ఎంత సంతోషించానో. కిట్ తెచ్చి ఇంట్లో కట్టుకునే విమానం ఆర్‌వీ-7 రెక్క రివెట్లు ఒక్కదాన్నే కొట్టగలనా అని అడిగావు. కొట్టగలవు. నా విమానానికి నేను చాలావరకు ఒక్కణ్ణే కొట్టుకున్నాను. కాకపోతే ఏ వరస ఒంటరిగా చెయ్యాలో, దేనికి తోడు పిలవాలో ముందే తేల్చుకో.

రివెట్‌ని రెండు వైపులా పట్టి నొక్కే స్క్వీజర్ అందిన ప్రతిచోటా స్క్వీజరే వాడు. గాలి ఒత్తిడితో దెబ్బలు కొట్టే గన్ జోలికి పోకు.

ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే భాగం) స్టిఫెనర్లు, అంటే రేకుకి బలమిచ్చే పట్టీలు, బ్యాక్ రివెటింగ్‌తో ఒక్కదానివే హాయిగా చెయ్యొచ్చు. రివెట్ తలలు జారకుండా టేపు అంటించి, రేకును బల్లలో అమర్చిన ఉక్కు పలక మీద బోర్లించి, పైనుంచి కొట్టడమే. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. రేకు పరిచాక కింద పలక కనబడదు. వరస చివర ఒక రివెట్ పలక అంచు దాటి చెక్క మీదికి వెళ్లింది, నేను చూసుకోలేదు. గన్ నొక్కగానే చప్పుడు బోలుగా మారింది. తిప్పి చూస్తే రివెట్ చుట్టూ రేకు ఉబ్బిపోయి ఉంది. ఆ రేకు మళ్లీ కొనాల్సి వచ్చింది. అందుకని పలక నాలుగు అంచులూ ఎక్కడున్నాయో, రేకు పరిచినా కనబడేలా, బల్ల చివర్ల మీద టేపుతో గుర్తు పెట్టుకో.

ఇక పైరేకు. రెక్క స్టాండ్ మీద నిలబెట్టి ఉంటుంది కదా, ఒక చేత్తో బయట గన్, ఇంకో చెయ్యి లోపల బకింగ్ బార్, అంటే రివెట్ తోకకి అడ్డుపెట్టే లోహపు దిమ్మ. అందరూ గన్ గురించే టెన్షన్ పడతారు. అసలు పని బార్ పట్టిన చేతిది. నేను కుడిచేతివాటం వాణ్ణే అయినా బార్‌కి కుడిచెయ్యి ఇచ్చి, రబ్బరు అంచున్న స్వివెల్ సెట్ (గన్ మూతికి బిగించే, అటూ ఇటూ ఒరిగే ముక్క) పెట్టిన గన్‌ని ఎడమచేత్తో పట్టాను. టంగ్‌స్టన్ బార్ ఒకటి కొనుక్కో, ఖరీదైనా సరే. చిన్నదిగా ఉంటుంది, బరువు మాత్రం గట్టిగా ఉంటుంది.

ముందు బార్ ఆనించు. రివెట్ తోక మీద చదునుగా కూర్చుందో లేదో వేలికొసతో తడిమి చూడు. తర్వాతే గన్ ట్రిగ్గర్. ఆపేటప్పుడు ముందు ట్రిగ్గర్ వదులు, బార్ చివర తియ్యి. 3/32 అంగుళం వ్యాసం రివెట్లకి నేను 3ఎక్స్ సైజు గన్‌తో 35 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. నువ్వు అదే మందం తుక్కు రేకు మీద కొట్టి నీ లెక్క చూసుకో. చెవులకి రక్షణ లేకుండా ఒక్క రివెట్ కూడా వద్దు.

లోపల ఏర్పడిన తల వెడల్పు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. కాస్త తక్కువ నలిగితే ఇంకో దెబ్బ వెయ్యి. కొంచెం పక్కకి ఒరిగిందని వెంటనే డ్రిల్ అందుకోకు. తీయబోయి రంధ్రం పెద్దది చేసుకుంటే అసలుకే మోసం. అలా అయిందే అనుకో, తల చిన్నగా, ఒళ్లు లావుగా ఉండే ఊప్స్ రివెట్లు దొరుకుతాయి, కొన్ని దగ్గర పెట్టుకో.

కింది రేకుకి మాత్రం పంతం పట్టకు. స్పార్ (రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలం) దగ్గర వరసలకి చెయ్యి భుజం దాకా దూర్చాలి, కంటికేమీ కనబడదు. ఒక స్నేహితురాలిని పిలువు. సగానికి పైగా పని ఔత్సాహికులే చెయ్యాలనే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ 51 శాతం నిబంధనకి అదేం అడ్డు కాదు, సరదాకో నేర్చుకోవడానికో చేసేవాళ్ల చెయ్యి అయితే చాలు. ఆ రేకు మూయకముందే ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టేవాళ్ల సంఘం) టెక్నికల్ కౌన్సెలర్‌ని పిలిచి లోపలంతా చూపించు.

మొదటి స్టిఫెనర్ అయిపోగానే ఫోటో పంపు. మెరిసే వైపు కాదు, లోపలి తలలు, బాగా దగ్గరగా.

మీ పెదనాన్న